లేబర్ డే ఒక్కో దేశంల ఒక్కో రోజు ఎందుకొస్తది?

మన దగ్గర మే 1, అమెరికాల సెప్టెంబర్, ఆస్ట్రేలియాల మార్చి అంటున్నరు, ఏది అసలుది అని అడిగిన్రు కదా. అన్నీ అసలువే. ఎక్కడి కార్మికులు ఎప్పుడు కొట్లాడిన్రు, అక్కడి సర్కారు ఏ రోజుకు ఒప్పుకుంది, దాన్నిబట్టే డేట్.

నేను గోదావరిఖనిల పెరిగిన, బాపు సింగరేణిల చేసేటోడు, మే డే అంటే బాయి గేటు కాడ ఎర్రజెండాలే మాకు. మెల్‌బోర్న్ వచ్చినంక మార్చి రెండో సోమవారం లేబర్ డే అంటే వింతగనిపించింది. ఇక్కడ చానామంది దాన్ని మూంబా (మెల్‌బోర్న్‌ల ఏటా జరిగే ఊరి పండుగ) లాంగ్ వీకెండ్ అనే అనుకుంటరు, నాకైతే మనసుకు కష్టమైతది, ఎందుకంటే ఎనిమిది గంటల పని విషయంల ఈ ఊరు 1886 షికాగో కొట్లాట కంటే 30 ఏండ్లు ముందు. 1856 ఏప్రిల్ 21న యూనివర్సిటీ కడుతున్న రాతిపని మేస్త్రీలు పని ఆపేసి పార్లమెంట్ దాకా ఊరేగింపుగ పోయిన్రు, ఆ కొట్లాటతోనే జీతం తగ్గకుండ 8 గంటల పని సాధించుకున్నరు. ట్రేడ్స్ హాల్ (యూనియన్ల ఆఫీసు బిల్డింగు) ఎదురుంగ వాళ్ల యాదిల కట్టిన స్తంభం ఇప్పటికీ ఉంది, కొసకు మూడు ఎనిమిదులు, మీద గోళం: పనికి 8, నిద్రకు 8, మనకోసం 8. మెల్‌బోర్న్ వస్తే తప్పకుండ చూడున్రి.

ఇగ అమెరికా సంగతి. 1882 సెప్టెంబర్ 5న న్యూయార్క్‌ల యూనియన్లు పెద్ద ఊరేగింపు తీసినయి, సెప్టెంబర్ అక్కడినుంచి వచ్చింది. 1886 మే 1న 8 గంటల కోసం దేశమంతా సమ్మె, మూడు రోజులకు షికాగోల హేమార్కెట్ అనే చౌరస్తాల కార్మికుల సభ కాడ బాంబు పేలింది, వేసిందెవరో తేలకుండనే 1887ల నలుగురు కార్మిక నాయకులను ఉరి తీసిన్రు. 1889ల పారిస్‌ల సోషలిస్టులు కూడి మే 1ని ప్రపంచమంతా జరపాలన్నరు. 1894ల పుల్‌మన్ రైల్వే సమ్మె నడుస్తుండంగ అమెరికా సర్కారు సెప్టెంబర్ మొదటి సోమవారాన్నే సెలవు చేసింది, మే 1 అయితే హేమార్కెట్ యాదికొస్తదనే అట్ల చేసిన్రని నేనంటా.

మన దేశంల మొదటి మే డే 1923ల మద్రాసు బీచ్‌ల కార్మిక నాయకుడు సింగారవేలు చెట్టియార్ జరిపిండు.

ఆస్ట్రేలియాల కూడ ఒక్క డేట్ లేదు, సిడ్నీల అక్టోబర్, బ్రిస్బేన్‌ల మే మొదటి సోమవారం. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్ర సర్కారు 2013ల దాన్ని అక్టోబర్‌కు జరిపింది గానీ యూనియన్లు ఊకోలే, సర్కారు మారినంక 2016ల మళ్లా మేకే తెచ్చుకున్నరు.