మనది కోసే కత్తి కాదు, తోసే కత్తి

అల్లుడికి,

మామయ్య దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వు అడిగిన మాట రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. చెప్పులకీ సంచీకీ తోలు ఇంట్లోనే తయారుచేసుకుంటాను, దానికి తోలు గీకే కత్తి ఆన్‌లైన్లో వేలకు వేలు చెబుతున్నారు, కొనమంటావా మామయ్యా అన్నావు. వద్దురా. ఆ డబ్బు పెట్టి నాలుగు మేకతోళ్లు, ఒక బస్తా సున్నం తెచ్చుకో. పనిముట్లు మనమే చేసుకుందాం. గుంటూర్లో మీ ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది, విజయవాడలో ఆటోనగర్ ఉంది. ఇంకేం కావాలి?

మనం పదును అనే మాట మూడు చోట్ల వాడతాం. కత్తికి పదును, వాన పడ్డాక దుక్కికి పదును, తోలుకి పదును, అంటే పచ్చి తోలు కుళ్లకుండా వాడకానికి వచ్చేలా చెయ్యడం. మూడూ ఒకటే అనుకుంటే తోలు పాడవుతుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నేను అదే చేశాను. మా నాన్న ఊళ్లో లేని రోజున కత్తిని గంటసేపు సానరాయి మీద నూరి, వెంట్రుక తెగేటట్టు చేసి, దుంగ మీద తోలు పరిచి ఒక్క తోపు తోశాను. పొట్ట దగ్గర అరచెయ్యంత మేర చీలిపోయింది. పొట్ట, చంకలు తోలులో అన్నిటికంటే పల్చని చోట్లు, అది కూడా అప్పుడు తెలియదు నాకు. సాయంత్రం నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. ఆ చీలికలో వేలు పెట్టి చూపించి, "మనది కోసే కత్తి కాదురా, తోసే కత్తి" అన్నాడు. నీకు చెప్పాల్సిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ముందు కత్తి సంగతి. ఆటోనగర్ లేతు షాపుల్లో ఇనుము కోసే పెద్ద పవర్ హాక్సా బ్లేళ్లు అరిగిపోతే మూలన పడేస్తారు. అడుగున్నర పొడవుది ఒకటి అడిగి తెచ్చుకో. దానికి రెండు కొసల్లో బెజ్జాలు ఉంటాయి. ఆ బెజ్జాల్లోంచి బోల్టు వేసి రెండు వైపులా జానెడు చెక్క పిడులు బిగిస్తే సగం పని అయిపోయినట్టే. తర్వాత గ్రైండింగ్ మిషన్ మీద పళ్లన్నీ అరగదీయాలి. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ మిషన్ దగ్గరికి వెళ్లకు. ఆ బ్లేడు వంగదు, పెళుసు, విరిగితే ముక్క మొహం మీదికే వస్తుంది. బండి కింద ఉండే కమాను పట్టాతో (లీఫ్ స్ప్రింగ్) కూడా చేయొచ్చు, కానీ లారీది మరీ మందం, అరగదీయలేక చస్తావు. చిన్న బండిది దొరికితే చూడు. దాన్ని గ్రైండ్ చేసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచు. అంచు నీలం రంగుకి తిరిగిందంటే మరీ వేడెక్కినట్టే, ఉక్కు బిగువు పోవచ్చు.

పళ్లు తీసిన వైపు అంచుని నలుచదరంగా, స్కేలు అంచులా ఉంచు. నూనెరాయితో రెండు మూలల్నీ మెల్లగా రాసి, గరుకు లేకుండా చెయ్యి. ఇది వెంట్రుకలకి. వెనక వైపు అంచుకి మాత్రం ఒక మూల అలాగే వదిలెయ్యి, అది లోపలి మాంసపు పొరకి. ఒకే కత్తి, రెండు పనులు.

అంచు సరిగా కుదిరిందో లేదో చూడ్డానికి తోలు పాడుచేసుకోకు. అరటి గెల కొట్టాక మిగిలే బోదెలోంచి ఒక దొప్ప తీసి దుంగ మీద వేసి గీకు. నీరూ గుజ్జూ కారిపోయి, నార తెగకుండా పొడుగ్గా మిగలాలి. నార తెగితే అంచు ఇంకా వాడిగా ఉన్నట్టు. గుజ్జు కదలకపోతే మరీ మొద్దుబారినట్టు. కృష్ణ లంకల్లో అరటి బోదెలకి కరువా? పది దొప్పలు గీకితే చేతికి బరువు తెలుస్తుంది.

ఇక దుంగ. నున్నటి వేపమొద్దు దొరికితే సరే. లేకపోతే బోరు వేసినవాళ్ల దగ్గర మిగిలిన కేసింగ్ పైపు ముక్క, నాలుగున్నర అడుగులది, చాలు. ఒక కొస నేలకి, రెండో కొస నీ బొడ్డు ఎత్తుకి వచ్చేలా ఏటవాలుగా కర్రలకి బిగించు. బిగించాక కళ్లు మూసుకుని అరచెయ్యి పై నుంచి కిందికి నడిపించు. చిన్న బుడిపె తగిలినా రాసెయ్యి. అడుగున ఆవగింజంత ఎత్తు ఉంటే పైన తోలుకి అక్కడే చిల్లు పడుతుంది. నడుముకి పాత ఫ్లెక్సీ బ్యానర్ చుట్టుకో. తోలు మెడ కొసని నీ పొట్టకీ దుంగకీ మధ్య నొక్కిపట్టి, కత్తిని కిందికి తొయ్యి. చేతుల బలంతో కాదు, ఒంటి బరువుతో.

తోలు మాంసం కొట్టువాళ్ల దగ్గర ఉదయమే తీసుకో. మన ఎండల్లో మధ్యాహ్నానికే కుళ్లు మొదలవుతుంది. వెంటనే చేయలేకపోతే తోలు బరువులో సగం రాళ్లుప్పు లోపలి వైపు దట్టంగా చల్లి నీడలో ఉంచు. పచ్చి తోలు ఎండలో ఆరేస్తే ఉడికిపోతుంది, ఆ తర్వాత దేనికీ పనికిరాదు. ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఉన్నట్టుండి చచ్చిన పశువు తోలు ఎవరు ఊరికే ఇస్తానన్నా తీసుకోకు, ముట్టుకోకు. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, మనుషులకీ అంటుతుంది. ఆ క్రిమి బీజాలు ఆరిన తోలులో, మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటాయి.

సున్నం పిడుగురాళ్లది తెచ్చుకో, మన వైపు దానికి మించింది లేదు. ఒక రోజు ముందే తడిపి చల్లార్చు. సున్నాన్ని నీళ్లలో వెయ్యి గానీ, సున్నం మీద నీళ్లు గుమ్మరించకు, ఎగజిమ్ముతుంది. తోలు బరువులో పదోవంతు సున్నం చాలు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తు. ఆ సున్నపు నీళ్లలో తోలు వేసి, రోజుకి రెండుసార్లు కర్రతో తిప్పుతూ ఉంటే నాలుగైదు రోజుల్లో, చలికాలమైతే వారంలో, వెంట్రుక లూజవుతుంది. మెడ దగ్గర బొటనవేలితో తోసి చూడు. ఊరికే ఊడొస్తే దుంగ మీదికి తీసుకో. ఆ సున్నపు నీళ్లు పంట కాలువలోనో మీ మురుగు కాలువలోనో పొయ్యకు. ఓ గుంట తీసి పోసి, మట్టి కప్పు.

డప్పుకైతే ఇక్కడితో ఆగిపో. బాగా కడిగి, పచ్చిగా ఉండగానే చట్రానికి లాగి బిగించాలి. అది పదును చేయని తోలు, అందుకే మంటకి కాస్తే బిగుసుకుని గణగణలాడుతుంది. తోలుబొమ్మలకీ అంతే, వెలుతురు దూరాలంటే పచ్చి తోలే కావాలి. నువ్వు చెప్పులకీ, సంచీకీ అన్నావు కాబట్టి ముందుకి వెళ్దాం.

సున్నం పోయేదాకా నాలుగైదు నీళ్లు మార్చి, పులిసిన తవుడు నీళ్లలో ఒక రాత్రి ఉంచు. పొద్దున్నే తీసి బొటనవేలితో గట్టిగా నొక్కు. వేలిముద్ర అలాగే నిలబడితే తోలు సిద్ధం. మళ్లీ పైకి లేస్తే ఇంకో పూట.

ఇక్కడి నుంచి ఇనుము ముట్టుకోవద్దు. తోలుని పదును చేసే తంగేడు చెక్కలో, అంటే బెరడులో, కరక్కాయలో ఉండే వగరు ఇనుముకి తగిలితే నల్లబడుతుంది. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది, అంటే ఇనుప లవణం, కలిపి సిరా చేసేవాళ్లు, అదే సంగతి. ఒకసారి ఇనప డ్రమ్ములో నానబెట్టి ఆరు తోళ్లు నీలపు మచ్చలతో పోగొట్టుకున్నాను. ప్లాస్టిక్ డ్రమ్ము వాడు. చెక్క దంచే రోకలికి కూడా ఇనప పొన్ను ఉంటుంది, అది లేనిది చూసుకో. గీకడానికి వెదురు బద్ద, మూలలు నున్నగా అరగదీసింది. ముడతలు ఒత్తడానికి మీ అమ్మమ్మ ఇత్తడి అట్లకాడ అటక మీద ఉండాలి, అడుగు. అంచు గుండ్రంగా రాసుకుంటే అంతకంటే మంచి పనిముట్టు లేదు.

తంగేడు కొమ్మలే కొట్టు, మొదలు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. పొలంవాళ్లని అడిగి కొట్టు. చెక్కని దంచి నానబెట్టిన నీళ్లలో మొదట పల్చటి దాంట్లో తోలు వెయ్యి, రెండుమూడు రోజులకోసారి చిక్కన చేసుకుంటూ పో. తొందరపడి మొదటే చిక్కటి దాంట్లో వేస్తే పైపొర మూసుకుపోయి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. రెండు మూడు వారాలకి అంచున చిన్న ముక్క కోసి చూడు. మధ్యలో తెల్లగీత కనిపిస్తే ఇంకా కాలేదు. చివర కరక్కాయ నీళ్లలో ముంచడం మానకు, లేకపోతే తంగేడు తోలు వెలుతురికి ఎర్రబడుతుంది. ఈ తంగేడు తోళ్లే ఒకప్పుడు మదరాసు రేవు నుంచి లండన్ దాకా వెళ్లేవి. మన చేతి పనిని ఊరి చివరికి నెట్టి చిన్నచూపు చూసినవాళ్లు, అక్కడ దాని మీద ఎంత వ్యాపారం జరిగిందో చూసి ఉండరు. నువ్వు మళ్లీ ఈ పని అడిగినప్పుడు నా గుండె నిండిపోయింది అల్లుడూ. ఫ్యాక్టరీల్లో తోలు పదునుకి వాడే క్రోమియం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకు.

తడి తోలుకి నువ్వుల నూనె పల్చగా పట్టించి నీడలో ఆరనివ్వు. పూర్తిగా ఆరకముందే మెత్త చెయ్యాలి. దుక్కి పదును గుర్తుందిగా, అలాంటి తడి. పిడికిట్లో నొక్కితే నీరు కారకూడదు, చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి. పాత గుమ్మం చెక్క ఒకటి నిలువుగా పాతి, పై అంచు అర్ధచంద్రంలా, మొద్దుగా చెక్కించు. దాని మీద తోలు రెండు చేతులా లాగుతూ, తిప్పుతూ, మళ్లీ లాగుతూ పూర్తిగా ఆరేదాకా ఆపకు. మధ్యలో టీకి వెళ్తే గట్టిపడిపోతుంది. భుజాలు నొప్పి పుడతాయి, మొదటి రోజు అన్నం ముద్ద కూడా ఎత్తలేవు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి ఆటోనగర్ గేటు దగ్గర దిగు. బ్లేడు నేను అడిగి ఉంచుతాను, గ్రైండింగ్ కూడా నా ముందే చేయిద్దువు. వచ్చేటప్పుడు రెండు అరటి దొప్పలు తీసుకురా.

మీ మామయ్య