సమాధానం: నూజివీడు వైపు తాతల దివాణం, మామిడితోట కాగితాలు

దివాణం (జమీందారు పెద్ద ఇల్లు) మనదేనా, తోట ఎలా పోయింది అని అడిగారు కదండీ. రెండూ ఒకే కాగితంలో దొరకవు, విడివిడిగా వెతకాలి.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ ప్రభుత్వానికి పోయింది. అయితే సొంత కమతానికి (తాను సాగు చేయించుకునే సొంత భూమికి) రైత్వారీ పట్టా (నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే హక్కు కాగితం) అడిగే హక్కు జమీందారుకు ఉండేది. మీ తోట కమతమా, రైతుల జిరాయితీయా (రైతులకే సాగు హక్కున్న భూమా) అన్నదే అసలు ప్రశ్న. దానికి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సర్వే నంబరు వారీగా భూమి ఏ రకమో, ఎవరిదో రాసిన రికార్డు) నకలుకి తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టండి. అక్కడ లేదంటే కలెక్టరేట్ రికార్డు రూము.

పాత కాగితాల్లో ఏళ్లు ఫసలీలో (పాత శిస్తు లెక్కల ఏడాది) ఉంటాయి, ఇంగ్లీషు ఏడాది రావాలంటే 590 కలపండి. ఫసలీ 1358 అంటే 1948 జూలై నుంచి 49 జూన్ దాకా. నేను ఇది తెలియక మా తాతగారి శిస్తు రసీదు పట్టుకుని, ఇదేదో హిజ్రీ అనుకుని నెల తిరిగాను!

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ దగ్గర పుస్తకాలు తిప్పించాల్సిందే. ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంటుంది, సర్వే నంబరుతో వెతికించండి. దివాణానికైతే పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టర్ ముందు చూడండి.