ర్యాంకు తగ్గితే మాట్లాడడం మానేస్తున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. లెక్కల్లో చురుకైనవాడే కానీ, వారాంతపు పరీక్షలో ర్యాంకు కాస్త తగ్గితే చాలు, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. బతుకులో ఐక్యూ (తెలివితేటల కొలత) కన్నా ఈక్యూయే (భావోద్వేగ ప్రజ్ఞ) ముఖ్యమని మా ఆడపడుచు అంటుంది. ముందు సీటు రానివ్వమని, తక్కినవన్నీ తర్వాత చూసుకోవచ్చని మావారు అంటారు. ఎవరి మాట సరైనది?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఇద్దరూ తెలివిని, భావోద్వేగాలను ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సబ్జెక్టుల్లా చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, ఆయన సహచరుడు థియోడర్ సిమోన్ 1905లో పారిస్‌లో ఐక్యూ పరీక్షలకు మూలమైన ప్రజ్ఞా పరీక్షను రూపొందించింది, బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం అవసరమో గుర్తించడానికే తప్ప ర్యాంకులు వేయడానికి కాదు. అలాంటి పరీక్షలు కొలిచే తర్కం, జ్ఞాపకశక్తి, కొత్త సమస్యను విప్పే నేర్పు చదువుకూ ఉద్యోగానికీ నిజంగానే అక్కరకొస్తాయి కనుక ఐక్యూను తీసిపారేయనక్కర్లేదు. భావోద్వేగ ప్రజ్ఞను 1990లో ఒక సిద్ధాంతంగా ముందుకు తెచ్చిన మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ కూడా దాన్ని ఐక్యూకు పోటీగా నిలబెట్టలేదు. మనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావాలను పసిగట్టి, అర్థం చేసుకుని, ఆలోచనకు ఉపయోగించుకునే సామర్థ్యమని వారి ఉద్దేశం. నెమ్మదస్తుడు కావడమే భావోద్వేగ ప్రజ్ఞ కాదు, అది స్వభావం.

ఈ రెండూ ఎంతగా పెనవేసుకున్నాయో నాడీవైద్యుడు ఆంటోనియో డమాసియో వర్ణించిన ఒక రోగి కథ చెబుతుంది. ఎలియట్ అనే మారుపేరుతో ఆయన పరిచయం చేసిన ఆ వ్యక్తికి మెదడు ముందుభాగంలో కణితి తీసేశారు. తర్వాత కూడా ప్రజ్ఞా పరీక్షల్లో అతను బాగానే నెగ్గాడు. అయితే ఆఫీసులో కాగితాలను తేదీని బట్టి సర్దాలా, సైజును బట్టి సర్దాలా అని తర్కించుకుంటూనే మధ్యాహ్నమంతా గడిపేసేవాడు. ఉద్యోగం పోయింది, కాపురం కూలింది, ఆ సంగతులన్నీ ఎవరికో జరిగినట్టు నిర్వికారంగా చెప్పేవాడు. ఏది ముఖ్యమో, ఎక్కడ ఆపాలో చెప్పే భావం లేకపోవడంతో అంత తర్కమూ ఎటూ తేలకుండా పోయింది.

మీ అబ్బాయి విషయంలో భావం లేకపోవడం కాదు, అది పగ్గాలు లాక్కోవడం జరుగుతూ ఉండవచ్చు. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. భౌతికశాస్త్రంలో ఒక లెక్క తెగకపోతే పంతానికి పోయి పది నిమిషాలు దానిమీదే పోగొట్టి, ఆ కంగారులో తెలియనివాటికి గుడ్డిగా జవాబులు గుర్తిస్తే, పోయిన ఆ మార్కులను సబ్జెక్టు రాకపోవడం ఖాతాలో వేయలేం. కనుక సీటు వచ్చాక చూసుకోవచ్చని మీవారు వాయిదా వేస్తున్న విషయం, సీటు రావడానికే అవసరమయ్యేది.

ఫలితం వచ్చిన రోజు కారణాలు అడగకండి. మర్నాడు ప్రశ్నపత్రం ముందుంచుకుని, ఎక్కడ మనసు చెదిరిందో అతన్నే గుర్తు పెట్టమనండి. అప్పుడు కలిగింది కోపమా, సిగ్గా, మీరేమంటారోనన్న భయమా అన్నది అతని నోటనే రానివ్వండి. భావానికి పేరు పెట్టగలిగితే దాని తీవ్రత కొంత తగ్గుతుందని ప్రయోగాల్లో కనిపించింది. మూడోది అయితే, మాట్లాడవలసింది మీరిద్దరూ.

మౌనం వారాల తరబడి సాగినా, నిద్ర, తిండి చెడినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా ఆలస్యం చేయక మనోవైద్యుణ్ని కలవండి. టెలీ మానస్ ఉచిత సహాయవాణి 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.