క్యాంపర్ వ్యాన్ నీళ్లు కంపు కొడుతుంటే...

ప్రశ్న: మేం మిషిగన్‌లో ఉంటాం. మా క్యాంపర్ వ్యాన్‌కి 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు ఉంది. చలికాలమంతా వాడకుండా ఉంచి ఇప్పుడు తీస్తే చన్నీళ్ల కుళాయిలో ముక్కిన వాసన, వేణ్ణీళ్ల కుళాయిలో కుళ్లిన గుడ్ల కంపు. ట్యాంకు రెండుసార్లు కడిగినా పోలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ట్యాంకు ఒక్కదాన్నే ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. వాసన పైపుల్లో, గీజర్‌లో కూడా ఉంది. పైగా మీవి రెండు వేర్వేరు సమస్యలు.

ముందు గుడ్ల కంపు. సబర్బన్ లాంటి కంపెనీల ఉక్కు ట్యాంకు గీజర్లలో తుప్పు పట్టకుండా మెగ్నీషియం ఆనోడ్ రాడ్ పెడతారు. నిలవ నీళ్లలోని ఒక రకం బ్యాక్టీరియా సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, ఆ రాడ్ దానికి తోడవుతుంది. గ్యాస్, కరెంటు, పంపు ఆపేసి, నీళ్లు బాగా చల్లారాక రిలీఫ్ వాల్వు ఎత్తి ఒత్తిడి వదలండి. తర్వాత 1-1/16 అంగుళాల సాకెట్‌తో రాడ్ విప్పండి. లోపలి మడ్డిని హోసుతో కడిగేయండి. ముప్పాతిక వంతు అరిగిన రాడ్‌ని మార్చాల్సిందే. కంపు మళ్లీ మళ్లీ వస్తుంటే అల్యూమినియం-జింక్ రాడ్ వేయండి. రాడ్ బదులు ఉత్త ప్లగ్గు బిగించమనేవాళ్ల మాట వినకండి. కంపుతోపాటు గీజరూ పోతుంది.

రాడ్ బిగించాక, ముక్కిన వాసన కూడా పోవడానికి బ్లీచ్ పని. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ తీసేయండి, గీజర్ బైపాస్‌లో (నీళ్లు గీజర్‌లోకి వెళ్లకుండా పక్కదారి పట్టేలా) లేదని చూసుకోండి. సువాసన కలపని మామూలు బ్లీచ్ తీసుకోండి. 15 గ్యాలన్లకు పావు కప్పు లెక్కన మీ ట్యాంకుకి 160 మిల్లీలీటర్లు పడుతుంది. ఇది 5-6 శాతం బ్లీచ్‌కి చెప్పిన కొలత. ఇప్పుడు దొరికే 7.5 శాతానిదైతే అర కప్పు (సుమారు 120 మిల్లీలీటర్లు) చాలు. బకెట్ నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, అంచు దాకా నింపండి. పంపు వేసి, చన్నీళ్లవీ వేణ్ణీళ్లవీ కుళాయిలన్నీ, షవర్‌తో సహా, క్లోరిన్ వాసన వచ్చేదాకా ఒక్కొక్కటే వదలండి. బయటి షవర్‌ని చాలామంది మరిచిపోతారు. కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి. గీజర్ మాత్రం వేయకండి.

తర్వాత డంప్ స్టేషన్‌లో (క్యాంపర్ వ్యాన్ల వాడిన నీళ్లు పారబోసే చోట) ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో నింపి వదలండి. ఆపైనే కొత్త ఫిల్టర్. సున్నపు పొర పోవడానికి వెనిగర్ వాడాలనుకుంటే అది వేరే రోజు పెట్టుకోండి; బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

అన్నట్టు, ట్యాంకు నింపేది తోట హోసుతోనా? అయితే రబ్బరు రుచి ఎన్ని కడుగుళ్లకీ పోదు. తాగునీటికని అమ్మే తెల్ల హోసు కొనండి.