అశాంతి నడుమ కారు పందేలు

ప్రశ్న: రాజకీయ అల్లర్లతో అట్టుడుకుతున్న దేశాల్లో ఫార్ములా వన్ పందేలు జరపడం సమంజసమేనా?

జవాబు: కాదనే నా అభిప్రాయం. 2011లో బహ్రెయిన్ ప్రభుత్వం ప్రజాస్వామ్య ఉద్యమంపై ఉక్కుపాదం మోపినప్పుడు అక్కడి గ్రాండ్ ప్రీ (ఫార్ములా వన్ పందెం) రద్దయింది. అయితే మరుసటి ఏడాది, నిరసనలు ఇంకా చల్లారకముందే, ఏప్రిల్ 22న సఖీర్ సర్క్యూట్‌లో పందెం నిర్వహించారు. ఆ వారంలోనే ఫోర్స్ ఇండియా అనే పందెపు జట్టు సిబ్బంది వాహనం పెట్రోలు బాంబుల ఘర్షణలో చిక్కుకోగా, ఆ జట్టు రెండో ప్రాక్టీసుకు దూరంగా ఉండిపోయింది. భద్రత ఒక్కటే నన్ను కలచివేసే విషయం కాదు. ఆతిథ్యమిచ్చే ప్రభుత్వం పందేన్ని పరిస్థితి చక్కబడిందనడానికి సాక్ష్యంగా చూపుకుంటుంది కనుక, వీధుల్లో దెబ్బలు తింటున్నవారి గొంతు ఇంజిన్ల హోరులో మరుగున పడుతుంది. ఉక్రెయిన్‌పై దాడి మొదలైన వెంటనే, 2022లో, రష్యా పందేన్ని రద్దు చేయగలిగిన నిర్వాహకులు, ఇతర దేశాల విషయంలో మాత్రం తాము రాజకీయాలకు అతీతమని చెప్పడాన్ని నేను అంగీకరించలేను.