ఎంవీపీ కాలనీలో కంపెనీ, డాలస్‌లో ఓనరు

కిందటి నెల వైజాగ్ వెళ్లినప్పుడు మా పాత పొరుగాయన ఓ ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చి నా ముందు పెట్టారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మనిషి. అందులో నాలుగు బ్యాలెన్స్ షీట్లు, దారం కట్టిన యూఎస్‌బీ టోకెన్ ఒకటి.

"డాలస్ వెళ్తూ మావాడు నన్ను డైరెక్టర్ని చేసీసినాడు. ఓటీపీ వస్తే చెప్తన్నాను. ఏటికో నాకు తెల్దు," అన్నారు.

ఆ రాత్రి కుర్రాడితో మాట్లాడాను. హెచ్1బీ మీద వెళ్లి రెండేళ్లయింది. ఎంవీపీ కాలనీ ఇంటి ముందుగదిలో పెట్టిన సాఫ్ట్‌వేర్ ప్రైవేట్ లిమిటెడ్‌లో తొంభై శాతం వాటా అతనిది, మిగతాది వాళ్లమ్మది. "ట్యాక్స్ ఇండియాలోనే కడుతున్నాం కదా బాబాయ్, ఈ ఏడాది లాభం కూడా లేదు. ఇక్కడ చెప్పాలా?"

చెప్పాలి. కట్టడం వేరు, చెప్పడం వేరు. హెచ్1బీ మీద ఏడాదంతా ఉన్నవాడు పన్ను లెక్కలో అమెరికా రెసిడెంటే. అలాంటివాడికి విదేశీ కంపెనీలో పది శాతం వాటా ఉన్నా ఆ కంపెనీ వివరాలు అమెరికా పన్నుల శాఖకు చెప్పే ఫారం 5471 మెడకు చుట్టుకోవచ్చు, సగం దాటితే ఏటా తప్పదు. అది 1040తో, అంటే ఏటా వేసే సొంత ఆదాయపు పన్ను రిటర్నుతో, కలిపి వెళ్లాలి. లాభం సున్నా అయినా సరే. పంపకపోతే ఒక్కో కంపెనీకి, ఒక్కో ఏడాదికి 10,000 డాలర్ల జరిమానా. పైగా అది అందేదాకా ఆ ఏడాది రిటర్నును పన్నుల శాఖ తిరగదోడే గడువు కూడా ముగియదు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మా బావ ఐస్ ఫ్యాక్టరీ కంపెనీలో నాకు ఇరవై శాతం ఉండేది. నా అమెరికా రిటర్నులు వేసే ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత మూడేళ్ల లెక్కలు తిరగరాయడంతోనే ఓ వేసవి గడిచిపోయింది.

ఇంకోటి. సగానికి పైగా నీదైన కంపెనీ రూపాయి డివిడెండ్ పంచకపోయినా, దాని లాభం నీ లెక్కలోకి రావచ్చు. దీన్ని మొన్నటిదాకా 'గిల్టీ' (GILTI) అనేవారు (వింటే నాకు గిల్టు నగలే గుర్తొచ్చేవి), 2026 నుంచి పేరు మార్చారు. అయితే అమెరికా లెక్క ప్రకారం బయటి దేశంలో కట్టిన పన్ను 18.9 శాతం దాటితే ఆ లాభాన్ని పక్కన పెట్టమని కోరవచ్చు. మన దగ్గర 22 శాతం పన్ను స్కీమ్‌లో ఉన్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి 25.17 అవుతుంది. కాబట్టి చాలామందికి ఇది పనికొస్తుంది. కానీ కోరితేనే, అడక్కుండా ఎవరూ ఇవ్వరు.

కంపెనీ బ్యాంకు ఖాతా సంగతీ మరవొద్దు. అమెరికా బయట ఉన్న నీ ఖాతాలు, కంపెనీ ఖాతా కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఫారం) వేయాలి.

అసలు చిక్కు వేరే ఉంది. కంపెనీ ఎక్కడ రిజిస్టరైందన్నదే అమెరికా చూస్తుంది కాబట్టి అది అమెరికా కంపెనీ అయిపోదు. కానీ రాత్రి పదింటికి లాప్‌టాప్ తీసి వైజాగ్ టీమ్‌కి పనులు పురమాయిస్తూ, క్లయింట్లతో బేరాలు ఆడుతూ ఉంటే, వ్యాపారం అమెరికాలోనే జరుగుతోందని కంపెనీ మీదే అమెరికా పన్ను రావచ్చు. అంతకన్నా ముందు వీసాకే ఎసరు. హెచ్1బీ మీద షేర్లు ఉంచుకోవచ్చు గానీ స్పాన్సర్ చేసిన యజమానికి తప్ప ఇంకొకరికి పని చేయకూడదు, ఆ ఇంకొకరు నువ్వే అయినా. ఈ ఒక్క విషయంలో పన్ను లెక్కలు చూసే సీపీఏ చాలడు, ఇమిగ్రేషన్ లాయర్ కావాలి.

ఇక ఇండియా వైపు. ప్రతి కంపెనీలో ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉన్న డైరెక్టర్ ఒకరైనా ఉండాలి, అందుకే నాన్న. విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ)కి వెళ్లే ఏఓసీ-4 (కంపెనీ ఏడాది లెక్కల ఫారం), వార్షిక రిటర్ను ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు. మూడేళ్లు వరసగా వేయకపోతే ఐదేళ్లపాటు డైరెక్టర్‌గా అనర్హుడయ్యేది కొడుకొక్కడే కాదు, తండ్రి కూడా.

పాత రెండేళ్ల 5471లు, నోటీసు రాకముందే, కారణం రాసి జతచేసి పంపమన్నాను. పెద్దాయనకు మాత్రం టోకెన్ బీరువాలో పెట్టుకోమని, అది మీ డిజిటల్ సంతకమేనని, ఏ కాగితానికో తెలియకుండా ఓటీపీ చెప్పొద్దని చెప్పి వచ్చాను.

మర్నాడు కుర్రాడి ఫోను. "బాబాయ్, నాన్న ఓటీపీ ఇవ్వట్లేదు."