ముందు మరొకరి షెడ్డులో పని, ఆ తర్వాతే సొంత కోళ్ల ఫారం

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. ఉద్యోగం వద్దు, మన స్థలంలోనే ఐదు వేల బ్రాయిలర్ కోళ్లతో ఫారం పెడతానంటోంది. నలభై రోజుల్లో డబ్బు చేతికొస్తుందని లెక్కలు చూపిస్తోంది. దానికి స్థలం తాకట్టు పెట్టి లోను తీసుకోవాలి. ఆడపిల్ల, రాత్రీ పగలూ షెడ్డు దగ్గర ఉండగలదా అని మా ఇద్దరికీ టెన్షన్. ఒప్పుకోమంటారా, వద్దనమంటారా? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినదాంట్లో రెండు విషయాలున్నాయండి. అమ్మాయి ఈ పనిలోకి దిగాలా అన్నది ఒకటి, స్థలం ఇప్పుడే తాకట్టు పెట్టాలా అన్నది రెండోది. మొదటిదానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోండి. రెండోది కనీసం ఒక ఏడాది ఆపండి.

ఆడపిల్ల అన్న భయం గురించి ముందు చెబుతాను. మాంసం కోసం కోళ్లను వ్యాపారంగా పెంచడం ఎక్కడ మొదలైందంటే, అందరూ చెప్పే మొదటి పేరు ఒక గృహిణిదే. అమెరికాలో డెలావేర్ రాష్ట్రానికి చెందిన సెసిల్ స్టీల్ 1923లో గుడ్ల కోసం 50 కోడిపిల్లలు కావాలని చెబితే, పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా పెంచి మాంసానికి అమ్మారు. మూడేళ్లు తిరిగేసరికి పదివేల కోళ్లు పట్టే షెడ్డు కట్టించారు. ఈ పనికి కావాల్సింది కండబలం కంటే ఓపిక, శ్రద్ధ. రాత్రి భద్రత సంగతి వేరు, అది నిజంగా ఆలోచించాల్సిందే. షెడ్డు ఇంటికి దగ్గరగా ఉండాలి, దారిలో లైట్లుండాలి, రాత్రి డ్యూటీకి ఇద్దరు మనుషులుండాలి. ఇవి అబ్బాయికైనా అవసరమే.

ఇక నలభై రోజుల లెక్క. అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు లేదు. ఒక్కరోజు వయసు కోడిపిల్ల దాదాపు 40 గ్రాములుంటుంది. ఇప్పటి జాతులు 35 నుంచి 42 రోజుల్లో 2 నుంచి 2.5 కిలోలకు వస్తాయి. హార్మోన్లు ఇస్తారు కాబట్టే అలా పెరుగుతాయని చాలామంది నమ్ముతారు, మీరూ విని ఉంటారు. అది నిజం కాదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే దాణా పెట్టి పెంచి చూశారు. 56 రోజులకు పాతది 905 గ్రాములు తూగితే, కొత్తది 4.2 కిలోలు తూగింది. తేడా అంతా తరతరాల జాతి ఎంపికలో ఉంది. ఇంత వేగంగా పెరిగే కోడికి ఎండ తట్టుకునే శక్తి, కాళ్ల బలం తక్కువ. దాన్ని ఒక్క పూట అశ్రద్ధ చేసినా నష్టం కనిపిస్తుంది.

ఈ వ్యాపారంలో లాభం ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ కారిపోతుందో ఒక చిన్న లెక్కతో చూడండి. ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాదే. కిలో బరువు పెరగడానికి కోడి ఎన్ని కిలోల దాణా తిన్నదో చెప్పే అంకెను ఎఫ్‌సీఆర్ అంటారు. ఐదు వేల కోళ్లు రెండేసి కిలోలు వస్తే మొత్తం పదివేల కిలోలు. ఎఫ్‌సీఆర్ 1.6 అయితే పదహారు వేల కిలోల దాణా పడుతుంది. అదే 1.75 అయితే పదిహేడున్నర వేలు. అంటే 50 కిలోల బస్తాలు 30 అదనం. కోళ్ల సంఖ్య అంతే, బరువూ అంతే, ఈ 30 బస్తాలే లాభాన్ని తినేస్తాయి. వీటిని మిగిల్చేది షెడ్డులో నిలబడి చూసే కళ్లు. కోడిపిల్లలు షెడ్డులో దిగిన మొదటి వారం చలి తగలకుండా, దాణా వృథా కాకుండా, నీళ్లు కారి నేల మీద పరిచిన ఊక (లిట్టర్) తడవకుండా ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న.

ముఖ్యంగా మొదటి వారం. అప్పుడే దిగిన పిల్లలకు తమ ఒంటి వేడిని తాము కాపాడుకునే శక్తి ఉండదు. మొదటి రోజు బ్రూడర్ (పిల్లలకు వెచ్చదనం ఇచ్చే హీటరు) దగ్గర 32 నుంచి 34 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ ఉండాలి, కానీ పిల్లలే ఇంకా బాగా చెబుతాయి. బ్రూడర్ కింద గుంపుగా ముడుచుకుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒక పక్కకే చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతున్నట్టు. సమానంగా పరుచుకుని తింటూ తాగుతూ ఉంటేనే మనం కాసేపు కూర్చోవచ్చు. మర్నాటికి పిల్ల మెడ కింద ఉండే మేత సంచి పట్టి చూస్తే మెత్తగా, నిండుగా తగలాలి. రాత్రి రెండింటికి లేచి ఇది చూడాలి. మీ అమ్మాయికి ఇది ఇష్టంగా అనిపిస్తుందా, శిక్షలా అనిపిస్తుందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం.

కోళ్లు పెద్దవయ్యాక భయం తిరగబడుతుంది, అప్పుడు ఎండ శత్రువు. కోడికి చెమట పట్టదు, ఎండలో ఎక్కువగా రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. అమ్మకానికి రెండు రోజుల ముందు వడగాలి వీచి కరెంటు పోతే, అప్పటిదాకా పెట్టిన దాణా ఖర్చంతా కళ్లముందే పోతుంది. అందుకే జనరేటర్‌ను తర్వాత కొందాంలే అని వదిలేయకూడదు. నీటి మీటరు కూడా పెట్టించమనండి. మామూలు వాతావరణంలో కోళ్లు తిన్న దాణాకు దాదాపు రెట్టింపు బరువు నీళ్లు తాగుతాయి. జబ్బు బయటపడక ముందే తాగే నీళ్లు తగ్గిపోతాయి. రోజూ ఆ అంకె రాసుకునేవాళ్లు పశువుల డాక్టరుకు ఒక రోజు ముందే ఫోన్ చేయగలుగుతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతి ఉదయం చనిపోయిన కోళ్లను ఏరాలి, లెక్క రాయాలి, గుంతలోనో కంపోస్టులోనో వేయాలి. కోలుకోని పిల్లను బాధ పడకుండా చంపడం నేర్చుకోవాలి. కొందరు దీన్ని భరించలేరు. అది లోపం కాదు, కానీ లోను తీసుకున్నాక తెలియకూడదు. షెడ్డులో దుమ్ము, అమ్మోనియా ఉంటాయి కాబట్టి అమ్మాయికి ఆస్తమా ఉంటే ముందే డాక్టరును అడగండి.

అందుకే ఏడాది ఆపమన్నాను. ఆ ఏడాదిలో తను ఎవరైనా అనుభవమున్న రైతు షెడ్డులో జీతానికి చేరాలి. పిల్లలు దిగిన రోజు నుంచి కోళ్లు లారీ ఎక్కే రోజు దాకా, తర్వాత షెడ్డు కడిగి సున్నం వేసి ఖాళీగా ఉంచే రోజుల్లోనూ అక్కడే ఉండాలి. ఎండాకాలంలో ఒక బ్యాచ్, చలికాలంలో ఒక బ్యాచ్ తప్పకుండా చూడాలి. డిగ్రీ ఉంది కాబట్టి కోళ్ల కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా దొరికితే ఇంకా మంచిది. ఒకే కంపెనీ పిల్లలు, ఒకే దాణా తీసుకున్న రైతుల్లో ఒకరు ఎందుకు బాగుపడుతున్నారో, మరొకరు ఎందుకు నష్టపోతున్నారో పక్కపక్కన కనిపిస్తుంది. ఆ రోజుల్లో మీ ఇంట్లో కోళ్లు పెంచకండి. చెప్పులు, బట్టల మీద జబ్బు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్తుంది.

ఏడాది తర్వాత కూడా మనసు మారకపోతే, మొదట కంపెనీతో ఒప్పందం మీద పెంచడమే నయమని నా అభిప్రాయం. పిల్లలు, దాణా, మందులు వాళ్లవి. షెడ్డు, పని, కరెంటు, నీళ్లు మీవి. పెంచినందుకు కిలోకు ఇంత అని ఇస్తారు. సొంతంగా పెంచితే లాభం ఎక్కువ రావచ్చు, కానీ కోడిని నిల్వ చేయలేం. బరువుకొచ్చిన కోడి రేటు కోసం ఆగిన ప్రతి రోజూ దాణా తింటూనే ఉంటుంది, ఎఫ్‌సీఆర్ పెరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి కొనేవాడికీ తెలుసు.

ఒప్పందం కాగితం మాత్రం ప్రతి పేజీ చదవండి. ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు ఇస్తారో రాతలో ఉందా? జబ్బుతో బ్యాచ్ పోతే నష్టం ఎవరిది? దాణా బస్తాలు, కోళ్లు మీ ముందే తూస్తారా? కోళ్లు ఎత్తడం ఆలస్యమైతే ఆ రోజుల దాణా ఎవరి ఖాతాలో రాస్తారు? వీటికి నోటిమాటగా జవాబు చెబితే ఒప్పుకోవద్దు.

లోను వాయిదా నెలనెలా కట్టాలి, ఆదాయం బ్యాచ్‌కు ఒకసారి వస్తుంది. ఏడాదిలో ఒక బ్యాచ్ పూర్తిగా పోయిందనుకుని లెక్క వేయమనండి. అప్పుడూ వాయిదాలు కట్టగలిగితే ఆ లోను మీరు మోయగలరు. లేకపోతే రెండు వేల కోళ్లతో మొదలుపెట్టాలి, లేదా పాత షెడ్డు అద్దెకు తీసుకోవాలి. ఉన్న ఒక్క స్థలాన్నీ తాకట్టు పెట్టవద్దు.

ఏడాది గడిచాక షెడ్డు పని తనకు సరిపడదని తేలితే నేర్చుకున్నది వృథా పోదు. గుడ్లు పొదిగించే హ్యాచరీలు, దాణా మిల్లులు, మాంసం శుద్ధి చేసే ప్లాంట్లు, షెడ్డు పరికరాలు అమ్మి సర్వీసు చేసే సంస్థలు, అన్నిటికీ కోడిని దగ్గర నుంచి చూసినవాళ్లే కావాలి.